సన్నబడిన సెలవు చీటీ

మా కాలేజీలో "లావువి ఎన్నుండాయి?" అని ఎవరైనా అడిగితే కంగారు పడాల్సిన పనిలేదు. అది మెయిళ్ళ లెక్క. చదవని మెయిలు తెర మీద లావు అక్షరాల్లో ఉంటుంది, తెరిచి చదివితే సన్నబడుతుంది. కంప్యూటరు చదువుకున్నవాళ్ళు దానికి బోల్డ్ అనో అన్‌రెడ్ అనో ఏదో అంటారు. మా దగ్గర అటెండరు నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ అవి లావువి, సన్నవి. "పొద్దున్నించి లావువి రాలేదామ్మా?", "ఆ రెండూ సన్నం చేసి పో" అని పొద్దస్తమానం వినబడుతుండేది. కొత్తగా చేరిన ఇంగ్లీషు లెక్చరరు ఒకామె మొదటిరోజే ప్రిన్సిపాల్ గది బయట నిలబడి "ఇంత లావుగా పెట్టుకుంటే ఎట్లమ్మా, సాయంత్రానికంతా సన్నం కావాల" అనే మాట విన్నది. అది తన గురించేనని నమ్మి, అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయింది. ఆమెకు సర్దిచెప్పే పని నా మీద పడింది.

నేను జమ్మలమడుగు కాలేజీలో ఆఫీసు అసిస్టెంటుని. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేదాన్ని. మా యాజమాన్యానికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్ళలోనూ కాలేజీలున్నాయి. హెడ్డాఫీసు ప్రొద్దుటూరు. అక్కడ పరిపాలన చూసే పెద్దాయనను అందరూ ఏవో గారు అంటారు. కరస్పాండెంటు గారు, అంటే మూడు కాలేజీల యజమాని, ఉండేది పులివెందులలో. లింగాల వైపు చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, ఉన్న పెద్ద రైతు కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు. గొంతు మాత్రం తోటలో ఈ కొస నుంచి ఆ కొసకు పిలిచే గొంతు.

మూడు కాలేజీలకూ కలిపి మెయిల్ అడ్రసు ఒక్కటే. వేరువేరుగా పెట్టుకుందాం సార్ అని ఒకసారి ఎవరో అంటే కరస్పాండెంటు గారు కోప్పడ్డారు. "ఉమ్మడి కుటుంబంలో ఒకటే పొయ్యి ఉండాల. పొయ్యిలు మూడైతే ఇల్లు మూడు ముక్కలైతాది" అన్నారు. అంతటితో ఆ చర్చ ముగిసింది. ఆ ఒక్క అడ్రసును ప్రొద్దుటూరులో ఏవో గారు, జమ్మలమడుగులో నేనూ మా ప్రిన్సిపాలూ, పులివెందులలో అక్కడి ఆఫీసు వాళ్ళు, తన ఫోనులో కరస్పాండెంటు గారు, అందరమూ తెరుచుకునేవాళ్ళం.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. చదివినట్టు గుర్తు మన కంప్యూటర్లో ఉండదు. మెయిళ్ళన్నీ దాచిపెట్టే పెద్ద కంప్యూటరు ఎక్కడో ఉంటుంది కదా, ఆ గుర్తు ఉండేది అక్కడ. అందువల్ల జమ్మలమడుగులో నేను ఒక మెయిలు తెరిస్తే, పులివెందులలోనూ ప్రొద్దుటూరులోనూ కూడా అది సన్నబడుతుంది. ఒకరు అన్నం తింటే ఇంటిల్లిపాదీ చెయ్యి కడుక్కున్నట్టు. తెరిచింది ఎవరన్నది మాత్రం ఆ గుర్తు చెప్పదు. సన్నగా ఉన్నదంటే ఎవరో చూశారని అందరమూ అనుకునేవాళ్ళం. ఆ ఎవరో ఎవరని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఉమ్మడి కుటుంబంలో గేదెకు మేత వేసిందెవరని అడిగితే ఏం జవాబు వస్తుందో ఇక్కడా అదే వస్తుంది.

మా ప్రిన్సిపాల్ గారు ఈ విద్యలో ఆరితేరినవారు. ప్రతి మెయిలూ చదివేవారు, చదివి మళ్ళీ లావు చేసేవారు. దానికొక బటన్ ఉంటుంది. ఎందుకు సార్ అని అడిగాను ఒకసారి.

"సన్నగా ఉంటే సదివినట్టు. సదివితే జవాబియ్యాల. లావుగా ఉందనుకో, నేను సదవలేదని కంప్యూటరే సాక్ష్యం చెప్తాది. ఇంగేం గావాల?" అన్నారు.

కలెక్టరాఫీసు మెయిలైనా, యూనివర్సిటీ మెయిలైనా, ఆయన చేతిలో పడి మళ్ళీ కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబై వరుసలో నిలబడేది.

ఇలా రోజులు గడుస్తుండగా కరస్పాండెంటు గారు విజయవాడలో ఏదో శిక్షణ శిబిరానికి పోయి వచ్చారు. అక్కడ ఎవరో ఆయనకు బుర్రకెక్కించారు, సాయంత్రం ఆఫీసు మూసేసరికి చదవని మెయిళ్ళ లెక్క సున్నా ఉండాలని, అదే మంచి సంస్థకు గుర్తని. మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చింది. సాయంత్రానికి ఒక్క లావు మెయిలు కూడా ఉండగూడదు. ఉత్తర్వు మెయిల్లోనే వచ్చింది కాబట్టి మా ప్రిన్సిపాల్ దాన్ని చదివి, మళ్ళీ లావు చేసి, టీ తాగడానికి పోయారు.

సున్నా బాధ్యత ఏవో గారి నెత్తిన పడింది. ఆయన పాతకాలం మనిషి, కానీ పని అంటే వెనకాడరు. ఆలోచించి ఫోల్డర్లు పెట్టారు. సెలవుల గురించి వచ్చేవి వాటంతటవే 'సెలవులు' ఫోల్డరులోకి పోతాయి. పరీక్షలవి 'పరీక్షలు'లోకి. 'అర్జెంట్' అని ఉన్నవి 'అర్జెంట్'లోకి. ఈ ఫోల్డర్లన్నీ 'పెండింగ్' అనే ఫోల్డరు కడుపులో ఉంటాయి. ఆ పెండింగ్ 'జనరల్' కడుపులో ఉంటుంది. మెయిలు రాగానే ప్రోగ్రాము దాని పైన రాసిన మాట చూసి, ముందు గదిలో నిలబడనివ్వకుండా నేరుగా లోపలి గదికి తోలేస్తుంది.

దీంతో ఒక అద్భుతం జరిగింది. మా మెయిల్ ప్రోగ్రాములో ప్రతి ఫోల్డరు పక్కన ఒక అంకె ఉంటుంది, అందులో చదవనివి ఎన్ని అని. తల్లి ఫోల్డరు తన దగ్గరున్నవే లెక్కపెట్టుకుంటుంది గానీ పిల్ల ఫోల్డర్లలో ఉన్నవి కలుపుకోదు. తల్లిని మూసేస్తే పిల్లల అంకెలు కనబడవు. కరస్పాండెంటు గారి ఫోను సంగతి మరీ సుఖం. అది ముందు గది ఒక్కటే లెక్కపెడుతుంది. మెయిళ్ళన్నీ లోపలికి పోయాక ముందు గదిలో ఏముంటుంది? సున్నా ఉంటుంది.

ఆ సున్నాను ఆయన పెళ్ళిళ్ళలో చూపించారు, దినాల్లో చూపించారు. "సూడప్పా, మూడు కాలేజీలు. ఒక్క లావుది ల్యాదు" అని ఫోను పక్కవాళ్ళ ముఖానికి పెట్టేవారు. పక్కవాళ్ళు ఏమిటో అర్థం కాక "శానా బాగుంది మామా" అనేవాళ్ళు.

నా కథ ఈ సున్నా రాజ్యంలోనే మొదలైంది.

మా ఆయన కువైట్‌లో ఏసీ మెకానిక్. మేము దూదేకుల వాళ్ళం, మా వీధిలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు, అందులో వింత ఏమీ లేదు. రెండేళ్ళకొకసారి రావాలి. పోయినసారి రావాల్సినప్పుడు కంపెనీ వాళ్ళు ఏదో పని తగిలించి ఆపేశారు. మూడేళ్ళు కావస్తుండగా ఫోను చేసి, నెల రోజుల పైన సెలవిచ్చారని చెప్పాడు. నేను అప్పుడు బస్సులో ఉన్నాను. పక్కన కూర్చున్న ముసలామె నా ముఖం చూసి, "ఏమ్మా, సంబరంగా ఉండావు" అంది. మా ఆయన వస్తాండాడు అని చెప్పాను. ముక్కూమొహం తెలియని మనిషికి అలా చెప్పేశానంటే నా సంతోషం ఎలాంటిదో మీరే ఊహించుకోండి.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను ఉద్యోగానికి పోతే ఆయన గోడలు చూసుకుంటూ కూర్చోవాలి. ఎక్కడికైనా పోదామా అని అడిగితే, "యాడికీ వద్దు. నువ్వు పొద్దున బస్సుకు ఉరకకుండా ఇంట్లో ఉంటే అదే పదివేలు" అన్నాడు. అందుకని ఆయన ఉండే రోజులన్నిటికీ సెలవు పెట్టాలనుకున్నాను. నాకు కావాల్సింది అంతే. అంతకు మించి నేనెప్పుడూ ఆ కాలేజీని ఏమీ అడగలేదు.

వారం దాటిన సెలవుకు కరస్పాండెంటు గారే మెయిల్లో మంజూరు ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. ఈ రూలు ఎంత గట్టిదో మాకందరికీ తెలుసు. పులివెందుల కాలేజీ లైబ్రేరియనమ్మ ఆయన నోటిమాట నమ్ముకుని కూతురి కాన్పుకు పోయి, తిరిగొచ్చేసరికి ఆమె కుర్చీలో ఇంకొకామె కూర్చుని పుస్తకాలకు అట్టలు వేస్తోంది. అయినా ఒకసారి అడిగి చూద్దామని ఫోను చేశాను.

"దానికేమ్మా, మెయిల్ పెట్టు" అన్నారు కరస్పాండెంటు గారు. వెనకనుంచి ట్రాక్టరు శబ్దం వినబడుతోంది.

పెట్టాను. పైన 'సెలవు గురించి' అని రాశాను. కింద నా భర్త ఫలానా తేదీకి వస్తున్నాడని, నెల రోజులు సెలవు ఇప్పించమని, వినయంగా, విధేయంగా రాశాను. అది నేరుగా జనరల్ కడుపులోని పెండింగ్ కడుపులోని సెలవులు ఫోల్డరుకు పోయి, లావుగా కూర్చుంది. మర్నాడు పొద్దున ఆఫీసుకు పోగానే చేతిసంచి కూడా కింద పెట్టకుండా చూశాను. సన్నబడింది!

నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సార్ చూశారు, ఇంకేం, ఇవాళో రేపో మంజూరు వస్తుంది అనుకున్నాను. ఆ రోజు స్టాఫ్ రూములో అందరికీ టీ నేనే తెప్పించాను. వారం గడిచింది. ఏమీ రాలేదు. చదివినాయన కొంచెం ఆలోచించుకుంటున్నారేమో అని ఇంకొన్నాళ్ళు ఆగాను. తరువాత ఆగలేక విచారణ మొదలుపెట్టాను.

మా ప్రిన్సిపాల్ గారిని అడిగితే, "నేనా? నేను సదివుంటే లావుగా ఉండాల కదమ్మా" అన్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పులివెందుల ఆఫీసుకు ఫోను చేస్తే అక్కడి క్లర్కు, "మేము తెరిచేతలికే సన్నంగా ఉండాదక్కా. హెడ్డాఫీసోళ్ళు సూసినారేమో అనుకుంటిమి" అన్నాడు. హెడ్డాఫీసులో ఏవో గారు, "సన్నంగా ఉంటే ఇంగేమ్మా, కరస్పాండెంటు గారు సూసుంటారు" అన్నారు. కరస్పాండెంటు గారికి మళ్ళీ ఫోను చేస్తే, "నా ఫోనులో ఏమీ లేదే. సున్నా ఉండాది" అన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం.

సంగతి తేలింది ఒక సాయంత్రం. కొన్ని కాగితాలు అందించడానికి ప్రొద్దుటూరులో దిగి హెడ్డాఫీసుకు పోయాను. ఏవో గారు మూసేసే హడావుడిలో ఉన్నారు. కళ్ళజోడు సర్దుకుని, కుడి చేత్తో మౌసు పట్టుకుని, ఫోల్డరు మీద పెట్టి ఒక నొక్కు, తరువాతి ఫోల్డరు మీద ఇంకొక నొక్కు. ప్రతి నొక్కుకూ ఆ ఫోల్డరు అంకె మాయమైపోతోంది. 'అన్నీ చదివినట్టు గుర్తు పెట్టు' అని ఒక బటన్ ఉంటుందని నాకు తెలుసు గానీ, దాన్ని ఇంత భక్తిగా వాడేవాళ్ళను అప్పుడే చూశాను. సంధ్య దీపం పెట్టేవాళ్ళు కూడా అంత నిష్ఠగా పెట్టరు.

"సార్, ఏం చేస్తాండారు?" అన్నాను.

"సన్నం చేస్తాండా. సాయంత్రానికి ఏ గదిలోనూ ఒక్క లావుది ఉండగూడదు కదా."

"సదవకుండానే?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఇన్ని సదివితే సాయంత్రానికి సున్నా యాడవుతాదమ్మా?"

"సార్, అందులో నా సెలవు చీటీ ఉంది."

"ఉందా? యాడ?"

"సెలవులు ఫోల్డర్లో."

"అట్లయితే భయం ల్యాదు. ఆ ఫోల్డర్లో పడింది యాడికీ పోదు. భద్రంగా ఉంటాది" అని దీపాలార్పేసి తాళంచెవి చేతికి తీసుకున్నారు.

అంటే నా చీటీని ఎవరూ చదవలేదు. చదవకుండానే చదివినట్టయింది. నాకు అక్కడే అరవాలనిపించింది. టీ తెప్పించి పంచిన రోజు గుర్తొచ్చి సిగ్గేసింది కూడా. కానీ ఆ పెద్దాయన మీద అరిచి లాభం లేదు. ఆయన తన పని తాను చేస్తున్నారు. ఆయనకిచ్చిన పని సున్నా తేవడమే గానీ, సెలవులు చూడడం కాదు.

మర్నాటి నుంచి యుద్ధం మొదలైంది. పొద్దున పోగానే నా చీటీని నేనే మళ్ళీ లావు చేసేదాన్ని. సాయంత్రం ఏవో గారు సన్నం చేసేవారు. కరస్పాండెంటు గారికి ఫోను చేస్తే మళ్ళీ సున్నానే చెప్తారు కాబట్టి, పగలంతా ఎవరైనా ఆ ఫోల్డరు తెరిచి చూస్తారని నా ఆశ. మా ప్రిన్సిపాల్ ఒకరోజు నా వెనక నిలబడి చూసి, "ఏమ్మా, నీ సెలవును నువ్వే లావు చేసుకుంటాండావా?" అన్నారు.

"మేపుకుంటాండా సార్" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. అంత నవ్వినాయన ఒక ఫోను చేసి నా గురించి ఒక ముక్క చెప్పొచ్చు కదా. "నేను చెప్తే సదివినట్టయితాదమ్మా" అని తప్పుకున్నారు.

తరువాత నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. సెలవు అన్న మాట తీసేసి, పైన 'అర్జెంట్' అని రాసి ఇంకోటి పెట్టాను. అంత తెలివితక్కువ పని నా జన్మలో చేయలేదు. మా ప్రాంతంలో అర్జెంట్ అని రాయనివాడు లేడు. బెంచీలు అమ్మేవాడు, పరీక్ష పేపర్లు అచ్చేసేవాడు, పోయినేడు ఫంక్షనుకు షామియానా వేసినవాడు, అందరిదీ అర్జెంటే. ఆ ఫోల్డరు తెరిస్తే తిరునాళ్ళలో పడ్డట్టు ఉంటుంది. ఏవో గారు ఆ ఫోల్డరును తీరిగ్గా ఉన్నప్పుడు చూద్దామని పక్కన పెట్టుకున్నారు, కానీ సన్నం చేయడం మాత్రం ఏ రోజూ మరవలేదు.

ఈలోగా మా ఆయన వచ్చేశాడు.

మనిషి చిక్కాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. నేను వంట చేస్తుంటే తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండేవాడు. పొద్దున నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే, "ఈ పొద్దు కూడానా?" అనేవాడు. "రేపొస్తాది సెలవు" అనేదాన్ని. ఆ మాట చెప్పీ చెప్పీ నాకే అసహ్యం పుట్టింది. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక ఆయన నాతో పాటే బస్సెక్కడం మొదలుపెట్టాడు. జమ్మలమడుగు కాలేజీ వరండాలో అడ్మిషన్ల కోసం వచ్చేవాళ్ళు కూర్చునే బెంచీ ఒకటి ఉంది. మూడేళ్ళకు ఇల్లు చేరిన మనిషి నాతో కాపురం చేసింది ఆ బెంచీ మీద. మధ్యాహ్నం డబ్బా ఇద్దరం అక్కడే తినేవాళ్ళం.

మా ప్రిన్సిపాల్ గారు మెయిలు చూసి చూడనట్టుంటారు గానీ, మనిషిని మాత్రం ఇట్టే చూస్తారు. రెండో రోజే మా ఆయన పక్కన కూర్చుని, "కువైట్‌లో ఏం పని మామా?" అన్నారు. ఏసీలని తెలిసిన మరుక్షణం ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. ప్రిన్సిపాల్ గదిలో ఏసీ ఎన్నాళ్ళుగానో గాలి తప్ప చల్లదనం ఇవ్వడం లేదు. మా ఆయన చొక్కా చేతులు మడుచుకుని స్టూలెక్కాడు. సాయంత్రానికి గది చలికాలమైంది. తరువాత కంప్యూటరు ల్యాబు. ఆ తరువాత స్టాఫ్ రూము. మనిషి మొహమాటస్తుడు, ఎవరడిగినా కాదనడు. నేను లోపల చీటీకి మేత వేస్తుంటే, ఆయన బయట మా కాలేజీ ఏసీలకు ప్రాణం పోస్తున్నాడు. సెలవులో ఉన్నది ఆయన, పని చేస్తున్నదీ ఆయనే.

మా ఆయన సెలవు అయిపోవస్తుండగా ఆ కబురు పులివెందులకు పోయింది. కరస్పాండెంటు గారి దగ్గరనుంచి మెయిలు. 'జమ్మలమడుగులో ఉన్న కువైట్ మెకానిక్‌ను మన సెమినార్ హాలు ఏసీలు చూడటానికి పంపగలరు.' పైన ఏ మాటా రాయలేదు కాబట్టి అది ఏ ఫోల్డరులోకీ పోకుండా ముందు గదిలోనే నిలబడింది. దాన్ని ప్రొద్దుటూరులో ఏవో గారు చదివారు. జమ్మలమడుగులో మా ప్రిన్సిపాల్ చదివారు, మళ్ళీ లావు చేయడం కూడా మరిచిపోయారు. టీ చల్లారేలోగా రెండు ఊళ్ళ నుంచీ జవాబులు పోయాయి. ఆ వేగం చూసి నాకు ఒళ్ళు మండింది. మా ఆయనకు తోడుగా నన్ను డ్యూటీ మీద పంపారు.

పులివెందులలో మా ఆయన మధ్యాహ్నం దాకా నిచ్చెన మీదే ఉన్నాడు. పని అయ్యాక కరస్పాండెంటు గారు మమ్మల్నిద్దర్నీ ఇంటికి పిలిచి అన్నం పెట్టించారు. సంగటి, నాటుకోడి పులుసు. దగ్గరుండి వడ్డింపించారు. ఆ మర్యాదలో లోటు చెప్పలేను.

"ఎన్నాళ్ళుంటావప్పా?" అని మా ఆయన్ను అడిగారు.

"ఎల్లుండి పోతా సార్. చెన్నైలో విమానం."

"అయ్యో, అప్పుడేనా! మరి మీ ఆడమనిషి సెలవు పెట్టలేదే?"

మా ఆయన తల వంచుకుని సంగటి ముద్ద కలుపుతున్నాడు. నేనే నోరు తెరిచాను.

"పెట్టినా సార్. మెయిల్లో."

"మెయిల్లో పెడితే ఎవరు సూస్తారమ్మా? ఒక ఫోన్ కొట్టకూడదా?"

"కొట్టినా సార్. మెయిల్ పెట్టమన్నారు."

ఆయన చేయి కడుక్కుని వచ్చి ఫోను తీశారు. అలవాటుగా సున్నా చూపించారు. నేను ఆ ఫోను తీసుకుని జనరల్ తెరిచి, అందులో పెండింగ్ తెరిచి, అందులో సెలవులు తెరిచి ఆయన చేతికిచ్చాను. అలాంటి గదులు తన ఫోనులో ఉన్నాయని ఆయనకు ఆ రోజే తెలిసింది. నా చీటీ సన్నగా, బుద్ధిగా అక్కడే ఉంది. ఆయన పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివారు. అంత పెద్ద గొంతు మనిషి, "తప్పయిపోయిందమ్మా" అని చిన్నగా అన్నారు. అక్కడికక్కడే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ 'నెల రోజులు మంజూరు' అని టైపు చేసి పంపారు. ఆయన నిజంగానే బాధపడ్డారు, అది నేను కాదనను. కానీ నా కోపం తగ్గలేదు.

దేవుడు వరమిచ్చాడు, ఇంక పూజారి మిగిలాడు. సాయంత్రం ప్రొద్దుటూరు చేరేసరికి ఏవో గారు ఉత్తర్వు తయారుచేసి పెట్టారు. నేను అడిగిన తేదీలు ఎప్పుడో గడిచిపోయాయి కదా అని అన్నాను.

"వెనకతేదీతో ఇయ్యకూడదమ్మా. మంజూరైన మర్నాటి నుంచి లెక్క. రేపట్నించి నెల."

"ఎల్లుండే ఆయన పోతాండాడు సార్. నాకు నెల ఎందుకు? రేపొక్క రోజు చాలు."

"సార్ నెల అని రాసినాడు. నేను ఒక రోజని ఎట్ల రాస్తా?"

ఆ ఒక్క రోజు మా ఆయన సూట్‌కేసు సర్దుకోవడంతోనే సరిపోయింది. ఊరగాయ డబ్బాలు, కారప్పొడి, పెండ్లిమర్రి నుంచి మా అత్తమ్మ పంపిన శనగపప్పు ఉండలు. ఏది పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అని ఇద్దరం పోట్లాడుకున్నాం. మర్నాడు బస్టాండులో చెన్నై బస్సెక్కించి వచ్చాను.

తరువాతి పొద్దున ఇంట్లో ఉండబుద్ధి కాక బస్సెక్కి కాలేజీకి పోయాను. ప్రిన్సిపాల్ గారు హాజరు పట్టీ మూసి పక్కకు జరిపారు. "సెలవులో ఉండావు కదమ్మా. సంతకం పెట్టకూడదు" అన్నారు. ఆయన గది చల్లగా ఉంది. ఏవో గారికి ఫోను చేసి సెలవు రద్దు చేయమని బతిమాలాను.

"దానికేమ్మా, మెయిల్ పెట్టు" అన్నారు.

పెట్టలేదు. నాకింక ఓపిక లేదు. ఇంటికి వచ్చేసి గడియ పెట్టుకున్నాను. పెళ్ళయ్యాక అన్ని రోజులు వరసగా ఇంట్లో ఉండడం నాకదే మొదలు. పొద్దెక్కేదాకా పడుకోవచ్చు, ఎవరూ లేపరు. మధ్యాహ్నం అన్నం ఒక్కదానికే వండుకోవాలంటే బద్ధకమేసి, ఎక్కువ రోజులు పొద్దున చేసిందే తినేదాన్ని. పక్కింటామె గోడ మీద నుంచి తొంగిచూసి, "మీ ఆయన ఉన్నప్పుడు పోతివి, పోయినాక ఉంటివి. ఏం చోద్యమే?" అంది. ఆమెకు ఫోల్డర్ల సంగతి ఎక్కడని చెప్పను?

మా ఆయన ఎప్పుడూ పని దిగాకే ఫోను చేసేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అన్నం వేళ చేశాడు. వెనక కుక్కరు కూత విన్నాడు.

"ఏంది, ఇంట్లోనే ఉండావు? ఒంట్లో బాగలేదా?"

"బాగుండా. సెలవు."

"నేనొచ్చేసినాక ఇంగేం సెలవు?"

"నీకోసం పెట్టింటి కదా. అది అయిపోగొడతాండా."

ఆయన మొదట నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కడ ఎవరో అరబ్బీలో ఆయన్ను పిలుస్తున్నారు.

"మల్లా ఎప్పుడొస్తావు?" అని అడిగాను.

"కంపెనీకి మెయిల్ పెట్టినాలే" అన్నాడు, నన్ను ఊరడిస్తున్నట్టు. "సూసినట్టే ఉండారు."

నాకు నవ్వు రాలేదు. పొయ్యి కట్టేసి, అక్కడే నేల మీద కూర్చుని, ఆయనకు వినబడేలాగే ఏడ్చాను.